ముందు చెవి, తరువాత వాద్యం

ఏ కళాశాలలోనైనా సంగీతం ప్రసక్తి వచ్చినప్పుడు మొట్టమొదట తలయెత్తే ప్రశ్న “ఏ వాద్యం కొందాం?” అన్నది. గిటారు కావాలని కొందరు, కీబోర్డు కావాలని కొందరు, తబలా జత చాలునని మరికొందరు అంటారు. ధరలు విచారిస్తారు. ధరలు విన్న తరువాత పెద్దలు లెక్కల పుస్తకం మూసివేస్తారు. విషయం మరుసటి సంవత్సరానికి వాయిదా పడుతుంది. ఇందులో దోషం పెద్దలది కాదు, విద్యార్థులదీ కాదు, ఆ ప్రశ్నది. వాద్యం చేతికి వస్తే సంగీతం దానంతట అదే వస్తుందని మనలో చాలామంది అభిప్రాయం. నిజానికి చెవి ముందు, వాద్యం తరువాత. ఈ మాటను ఉపదేశంగా గాక, ఇద్దరు ప్రసిద్ధ వాద్యకారుల చరిత్రను సాక్ష్యంగా పెట్టి నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకరు ఇంగ్లండు దేశస్థుడైన జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్. రెండవవారు మన తెలుగుగడ్డపై, పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్.

జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల గుండెలో పుట్టిన సంగీతం. రాసిపెట్టిన స్వరాన్ని అప్పగించడంకంటె, ఆ క్షణాన మనస్సుకు తోచిన స్వరాన్ని అల్లడమే దానిలో ప్రధానం. మన సంగీతంలో మనోధర్మమని దేనిని అంటామో దానికి అది దగ్గరి చుట్టం. ఆ సంగీతంలో గిటారుకు మొదట పెద్ద పీట లేదు. బూరల హోరులో దాని సన్నని గొంతు వినపడేది కాదు. 1936లో గిబ్సన్ సంస్థ ఇ.ఎస్. 150 అనే ఎలక్ట్రిక్ గిటారును వెలువరించింది. తీగల కింద అమర్చిన అయస్కాంతపు పికప్, తీగ కదలికను విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరుకు అందిస్తుంది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటారును బూరలతో సమానంగా నిలిపి, ఒక్కొక్క స్వరాన్నే పేర్చుకుంటూ పాట పాడించాడు. ఆ గిటారును కొన్నవారు ఎందరో ఉన్నారు. కాని గిటారు చేత సాక్సఫోను వలె మాట్లాడించవచ్చునని ఊహించిన చెవి ఆయనది. 1942లో, పాతికేళ్ళకే, ఆయన మరణించాడు. ఆ ఊహ మాత్రం నేటికీ జీవించి ఉన్నది.

మరి ఇద్దరిని కూడ ఇక్కడ తలచుకోవాలి. జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియంలో జన్మించిన జిప్సీ. 1928లో ఆయన నివసించే బండికి నిప్పంటుకొని ఎడమచేతి రెండు వేళ్ళు చెడిపోయాయి. గిటారు మెట్లపై స్వరం పట్టవలసింది ఆ చేయే. మిగిలిన రెండు వేళ్ళతోనే ఆయన ఐరోపాలోకెల్ల గొప్ప జాజ్ గిటారు వాదకుడైనాడు. వెస్ మాంట్‌గమరీ ఇండియానాపొలిస్ నగరంలో పగలు కార్ఖానాలో పనిచేసి, రాత్రులు సాధన చేసినవాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలుగరాదని మీటుబిళ్ళను వదలి, బొటనవేలి మెత్తని భాగంతో మీటడం ప్రారంభించాడని చెబుతారు. ఆ బొటనవేలి నుండి పుట్టిన గుండ్రని, వెచ్చని నాదమే ఆయన సంతకమైనది. ఆయన వాయించిన గిబ్సన్ ఎల్.5 గిటారును నేడు ఎవరైనా డబ్బిచ్చి కొనవచ్చు. ఆ బొటనవేలిని కొనలేరు.

ఇక మెక్‌లాఫ్లిన్ విషయం. ఆయన 1942లో యార్క్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. 1969లో అమెరికా చేరి, మైల్స్ డేవిస్ రికార్డులలో గిటారు వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించాడు. ఆనాడు ఆయన చేతిలో ఉన్నది రెండు మెడల గిబ్సన్ గిటారు. ఒక మెడపై పన్నెండు తీగలు, రెండవదానిపై ఆరు. వెనుక పెద్ద యాంప్లిఫయర్లు. ఉరుము వంటి నాదం, మెరుపు వంటి వేగం. పేరు వచ్చింది, ధనం వచ్చింది, ప్రపంచమంతటా గిటారు నేర్చే పిల్లలు ఆయనవైపు చూడసాగారు. ఆ స్థితిలో మరొకరైతే మూడవ మెడ కలిపించుకొనేవారేమో! ఆయన అలా చేయలేదు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న కర్ణాటక సంగీత విద్వాంసులు ఎస్. రామనాథన్ గారి వద్ద శిష్యుడై వీణ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ప్రపంచ ప్రసిద్ధుడు సరళీ స్వరాలు పలికే వారి సరసన చేరినాడన్నమాట.

వీణ ఆయనకు ఏమి చెప్పినది? వీణలో ఇత్తడి మెట్లు ఎత్తుగా, మైనంపై నిలిచి ఉంటాయి. మెట్టుపై తీగను అదిమి పక్కకు లాగితే స్వరం పైకి పోతుంది. వదలితే తిరిగి వస్తుంది. ఒక్క మీటులో రెండు మూడు స్వరాలు తొణికిసలాడుతాయి. గమకమంటే ఇదే. స్వరం ఒక చుక్క కాదు, ఒక దారి. గిటారులో మెట్లు పొట్టివి; వాటి మధ్య చెక్క దాదాపు తీగకు తగులుతూ ఉంటుంది. వేలు చెక్కకు ఆనుకొన్నప్పుడు తీగను లాగడం కష్టం. పైగా వీణకు పక్కన మూడు తాళతంత్రులుంటాయి. అవి ఎల్లప్పుడూ షడ్జ పంచమాలను స్మరింపజేస్తూ ఉంటాయి. గిటారుకు ఆ తోడు లేదు. వీణను విన్న చెవికి తన గిటారులోని ఈ రెండు లోపాలు స్పష్టంగా తెలిసివచ్చాయి.

అప్పుడు జరిగినది గమనించదగినది. ఆయన గిటారును పారవేయలేదు. వీణ వాదకుడనని చెప్పుకోనూ లేదు. గిటారునే మార్పించాడు. ఏబ్రహాం వెక్టర్ అనే పనివాడు గిబ్సన్ జె.200 రకపు గిటారును ఆయన కోరిక ప్రకారం తయారుచేశాడు. ప్రధాన తంత్రుల కింద, నాదరంధ్రం మీదుగా ఏటవాలుగా ఏడు శ్రుతి తంత్రులను అమర్చారు. మెట్టుకు మెట్టుకు మధ్యనున్న చెక్కను దోసిలివలె లోతుగా తొలిచారు. దానితో వేలికి చెక్క తగలడం మానినది, తీగ లొంగినది. విద్యుత్తు హోరు పోయి, చెక్కపెట్టె సహజనాదం మిగిలినది. ఆ గిటారుతో ఆయన నేలపై కూర్చుండి, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం టి.హెచ్. వినాయక్‌రామ్ మొదలైన వారితో కలిసి ‘శక్తి’ బృందంగా ఏర్పడినాడు. ఆ బృందపు మొదటి రికార్డు 1975 జూలైలో అమెరికాలోని ఒక కళాశాలలో జరిగిన కచేరీలో ముద్రితమైనదే. మన వంటి విద్యార్థుల ఎదుటనే ఆ వింత గిటారు లోకానికి పరిచయమైనదని చెప్పవచ్చు.

ఇందులో వరుస గమనించండి. ముందు వినడం, తరువాత నేర్వడం, ఆ తరువాత తన వాద్యంలోని లోటు తెలియడం, చిట్టచివర చెక్క పనివాని వద్దకు పోవడం. మనం చేసేది దీనికి తలక్రిందులు. ముందు దుకాణానికి పోతాము. వినడం చివరిదాకా మిగిలిపోతుంది.

ఇప్పుడు పాలకొల్లుకు వద్దాం. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ జన్మించాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాదకులు. ఇంట ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ళ పిల్లవాడు చేతికి తీసుకున్నాడు. తండ్రి తన గురువుగారైన రుద్రరాజు సుబ్బరాజు గారికి పిల్లవానిని అప్పగించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఈ కథలో కీలకం ఇది: సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు. పిల్లవాడు విన్నది విన్నట్లు తీగపై పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు. స్వరం ఎక్కడ ఉండాలో చెప్పేవారు ఉన్నారు. వేలి దారిని పిల్లవాడే వెదుక్కున్నాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేసేనాటికి ఆ బాలుని వయస్సు తొమ్మిదేళ్ళు. తరువాత కుటుంబం మద్రాసు చేరినది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, హేమాహేమీలైన జాజ్ విద్వాంసులు వాయించే వేదికపై, పద్నాలుగేళ్ళ తెలుగు బాలుడు కర్ణాటక సంగీతం వినిపించాడు.

మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యం. దానికి నాలుగు జతల ఉక్కుతీగలుంటాయి. జతలోని రెండు తీగలూ ఒకే స్వరం పలకాలి. మీటగానే శబ్దం చురుక్కుమని పుట్టి, చప్పున ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు స్వరాన్ని నిలపడానికి తీగను గబగబా ముందుకు వెనుకకు మీటుతారు. ఈ వాద్యం కర్ణాటక సంగీతానికి పనికిరాదని ఆనాటి పెద్దలలో కొందరు అన్నారంటే, వారిని పూర్తిగా తప్పుపట్టలేము. వారు చెప్పిన లోపాలు నిజమైనవే. జంట తీగలను లాగితే రెండూ ఒకేవిధంగా సాగవు, శ్రుతి చెడుతుంది. నాదం నిలవకపోతే గమకానికి చోటు ఉండదు.

శ్రీనివాస్ ఈ ఆక్షేపణలకు మాటలతో సమాధానం చెప్పలేదు. జంట తీగలు తీసివేసి ఒంటి తీగలు వేసుకున్నాడు. నాలుగు తీగలకు బదులు ఐదు తీగలు అమర్చుకుని, మంద్రస్థాయికి లోతు సంపాదించాడు. బోలు పెట్టెకు బదులు ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. ఇక్కడ విద్యుత్తు ఆర్భాటానికి రాలేదు. ఊపిరి ఇవ్వడానికి వచ్చింది. ఒక్కసారి మీటిన స్వరం ఆరిపోకుండా నిలిచి ఉంటే, ఆ ఊపిరి మీద జారు, కంపితం, అనుస్వరం అన్నీ నడుస్తాయి. గాయకుడు ఒక్క ఊపిరిలో పలికే పలుకును ఒక్క మీటులో పలికించడమే ఆయన కోరినది. ఆ కోరిక ఎక్కడినుండి వచ్చినది? గురువు గాత్రం నుండి. మాండొలిన్ వాయించగల గురువే దొరికి ఉంటే ఆ బాలుడు బహుశా మాండొలిన్ వాలకాన్నే నేర్చుకొనేవాడు. పాడే గురువు దొరికాడు కనుక గాత్రాన్ని నేర్చుకొని, దానికి తగినట్లు మాండొలిన్‌ను వంచుకున్నాడు. 1998లో ఆయన పద్మశ్రీ పొందాడు.

మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్ ఒకరి దారి ఒకరికి తెలియకుండ బయలుదేరి, ఒక్కచోటికే చేరినారు. ఒకరు విద్యుత్తును వదలి చెక్కనాదానికి వచ్చాడు. మరొకరు చెక్కపెట్టెను వదలి విద్యుత్తుకు పోయాడు. మార్గాలు పరస్పర విరుద్ధాలు, గమ్యం ఒక్కటే: గమకం పలకాలి. కావున సహజనాదమే గొప్పదనీ, ఎలక్ట్రిక్ నాదం తక్కువదనీ వాదించడం వ్యర్థం. 1997లో శక్తి బృందం ‘రిమెంబర్ శక్తి’ అన్న పేరుతో మళ్ళీ రూపుకట్టినప్పుడు కొద్దికాలానికే శ్రీనివాస్ అందులో చేరినాడు. 1999 నాటి కచేరీల నుండి వెలువడిన ‘ది బిలీవర్’ రికార్డులో మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్, జాకిర్ హుస్సేన్, సెల్వగణేశ్ నలుగురూ వినిపిస్తారు. అప్పటికి మెక్‌లాఫ్లిన్ శ్రుతి తంత్రుల గిటారును పక్కన పెట్టి మళ్ళీ ఎలక్ట్రిక్ గిటారు పట్టినాడు. అయినా నాలుగు స్వరాలు వినగానే ఆయనే అని పోల్చుకోవచ్చు. గిటారు మారినది, చెవి, చేయి మారలేదు. నాదానికి చిరునామా వాద్యంలో లేదనడానికి ఇంతకంటె రుజువు ఏమి కావాలి?

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళ వయస్సులో చెన్నైలో కన్నుమూశాడు. శక్తి బృందపు ‘దిస్ మొమెంట్’ రికార్డుకు 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం లభించింది. ఆ సంవత్సరమే డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ మరణించాడు. వారి వాద్యాలు ఇంకా ఎక్కడో భద్రంగానే ఉండవచ్చు. కాని వాటిని పలికించిన చెవులు, చేతులు వెళ్ళిపోయిన తరువాత అవి చెక్క, తీగ, తోలు మాత్రమే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. “గిటారు, మాండొలిన్ పరాయి దేశపు వాద్యాలు. మన వీణ, మన సితార్ ఉండగా అవెందుకు?” అని అడిగేవారున్నారు. వాద్యాల వంశవృక్షం తెలిసినవారు ఈ ప్రశ్న వేయరు. అరబ్బుల ‘ఊద్’ స్పెయిన్ మీదుగా ఐరోపా చేరి ‘ల్యూట్’ అయినది. ఆ ల్యూట్ కుటుంబంలోనే మాండొలిన్ పుట్టినది. గిటారు అన్న పేరు సైతం గ్రీకు నుండి అరబ్బుల నోట ‘కీతారా’గా, స్పెయినువారి నోట ‘గిటారా’గా మారి వచ్చినదే. సితార్ పేరు ఫారసీ భాషలో మూడు తీగలని అర్థమిచ్చే మాట. సరోద్ ఆఫ్ఘనుల రబాబ్ సంతానం. ఉర్దూ చదివే మన సోదరులకు ఈ మాటలన్నీ చుట్టాలే. పాలకొల్లు బాలుని చేతిలో మాండొలిన్ కర్ణాటక రాగం పలికినప్పుడు, ఊద్ మునిమనుమరాలు ఎన్నో దేశాలు తిరిగి గోదావరి ఒడ్డుకు చేరినదని భావించవచ్చు.

వీణ మాత్రం నిన్న ఉన్నట్లే నేడు ఉన్నదా? మన పెద్దవూరకు పొరుగునే నాగార్జునసాగర్ ఉన్నది, అక్కడి ద్వీపంపై నాగార్జునకొండ పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. కృష్ణానది దిగువన అమరావతి ఉన్నది. ఆనాటి బౌద్ధ శిల్పాలలో కనిపించే వీణ విల్లు ఆకారంలో ఉంటుంది. దానికి మెట్లు లేవు. ఆ వీణ మన దేశంలో దాదాపు అంతరించినది. నేడు మనం వీణ అని పిలిచే ఇరువదినాలుగు మెట్ల వాద్యం తంజావూరును 17వ శతాబ్దంలో పాలించిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో ఈ రూపు దాల్చినదని ప్రసిద్ధి. ఐరోపా వయొలిన్‌ను ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చి మన సంగీతంలోనికి తెచ్చాడు. నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదంపై ఆనించి, తీగలను షడ్జ పంచమాలకు శ్రుతిచేసి దానిని మనదిగా చేసుకున్నాము. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో దానిని పలికించిన తరువాత వయొలిన్ పరాయిదని ఎవరనగలరు?

వాద్యానికి దేశం లేనట్లే మతమూ లేదు. ఒంగోలు సమీపాన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు, గుడి వాకిట మ్రోగే నాదస్వరాన్ని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ఉర్దూ, తెలుగు రెండు భాషలకూ ఒకే కప్పు కింద చోటిచ్చిన మన కళాశాలకు ఆయన చరిత్ర సొంత ఇంటి చరిత్ర వంటిది.

అయితే ప్రతి వాద్యమూ ప్రతి సంగీతానికీ తగునని నేను వాదించడం లేదు. ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించినది. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు. విదేశీ వాద్యమన్న కోపం అందులో కొంత ఉన్నమాట వాస్తవం. కాని మెట్టుకు మెట్టుకు మధ్య జారుడు లేదు, గమకం పలకదు అన్న ఆక్షేపణ చెవి చెప్పినది. మొదటిది దురభిమానం, రెండవది వివేచన. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే సంగీత విద్య వలన కలిగే మొదటి లాభం.

మంచి వాద్యం అక్కరలేదనడం కూడ నా అభిమతం కాదు. తొలిచిన మెట్లు లేకుంటే మెక్‌లాఫ్లిన్‌కు, ఐదవ తీగ లేకుంటే శ్రీనివాస్‌కు కోరిన నాదం వచ్చేది కాదు. కాని తమకు కావలసినదేమిటో వారికి తెలుసు. దుకాణదారుడు చెప్పగా వారు తెలుసుకోలేదు. ఫలానా విద్వాంసుడు వాడిన గిటారే కావాలనే వ్యామోహం నేటి యువకులలో మెండుగా ఉన్నది. ఆ గిటారు చేతికి వచ్చిన మరునాడు వినిపించేది ఆ విద్వాంసుని నాదం కాదు, మన చేతి నాదమే. అది ఎలా ఉన్నదో ముందే తెలుసుకుంటే ధనమూ మిగులుతుంది, నిరాశా తప్పుతుంది.

ఇంతకూ మన కళాశాల చేయగలిగినదేమిటి? చెవిని సిద్ధం చేసే సంపద మన తరగతి గదులలోనే ఉన్నదని నా విశ్వాసం. ఉర్దూ విభాగంలో గజల్‌ను తరన్నుమ్‌తో చదివే సంప్రదాయం ఉన్నది. తెలుగు విభాగంలో పద్యాన్ని రాగయుక్తంగా చదివే సంప్రదాయం ఉన్నది. రెండింటికీ వాద్యంతో పనిలేదు. హమ్ద్, నాత్ పాడే కంఠాలు మన విద్యార్థులలో ఎన్నో ఉన్నాయి. ఖురాన్ పారాయణం సంగీతం కాదు, దానిని సంగీతంతో పోల్చడం ఉచితమూ కాదు. అయితే తజ్వీద్ నేర్చిన విద్యార్థి చెవి అక్షరం నిడివిని, ధ్వని పుట్టే స్థానాన్ని ఎంత సూక్ష్మంగా గుర్తిస్తుందో అందరికీ తెలిసినదే. ఇంత సూక్ష్మమైన చెవులు గల పిల్లలు సంగీతానికి పనికిరారని ఎవరు చెప్పగలరు?

వాద్య సంగీతం పట్ల ధార్మిక కారణాల చేత విముఖులైన కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి మనస్సును గౌరవించడం మన ధర్మం. ఎవరినీ నిర్బంధించరాదు. గాత్రంతో ప్రారంభించే పద్ధతిలో ఈ చిక్కు చాలవరకు తొలగుతుంది. కంఠం వరకు వచ్చేవారు కంఠం వరకే రావచ్చు. తీగ వరకు పోదలచినవారు ఆపైన పోవచ్చు. పరీక్షల చదువుకు ఆటంకమనే భయం కూడ కొందరికి ఉన్నది. వారానికి ఒక గంట శ్రద్ధగా వినడం నేర్చినవాడు తరగతిలో అధ్యాపకుని మాటనూ శ్రద్ధగానే వింటాడు. వినడమన్నది ఒక్కటే విద్య. అది రెండు చోట్లా పనికివస్తుంది.

కమిటీ పెద్దలకు నా మనవి మూడు అంశాలలో ముగుస్తుంది. మొదటిది, ఈ సంవత్సరం ఏ వాద్యమూ కొనవద్దు. రెండవది, వారానికి ఒక గంట వినే తరగతి ఏర్పాటు చేయండి. ఒక వారం తరన్నుమ్, ఒక వారం పద్యం, ఒక వారం ద్వారం వారి వయొలిన్ లేదా చినమౌలానా గారి నాదస్వరం, ఒక వారం వెస్ మాంట్‌గమరీ గిటారు, ఒక వారం శ్రీనివాస్ మాండొలిన్. విన్న తరువాత ప్రతి విద్యార్థీ తాను విన్నదేమిటో తన భాషలో నాలుగు వాక్యాలు రాయాలి. ఉర్దూలో రాసినది తెలుగు విద్యార్థికి, తెలుగులో రాసినది ఉర్దూ విద్యార్థికి చదివి వినిపించాలి. దీనికి కావలసినది ఒక గది, ఒక మంచి స్పీకరు, అంతే. మూడవది, మిర్యాలగూడ నుండి గాని మరెక్కడినుండి గాని నెలకు రెండుసార్లయినా రాగలిగిన గాత్రోపాధ్యాయుని పిలిపించండి. ఆయనకు గిటారు రాకపోయినా ఫరవాలేదు. సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు గదా! వాద్యానికి పెట్టదలచిన సొమ్ములో కొంత ఆ ఉపాధ్యాయుని గౌరవ వేతనానికి, దారి ఖర్చుకు మళ్ళించండి. వాద్యం కొంటే అది బీరువాలో పాతబడుతుంది. ఉపాధ్యాయుడు చెప్పినది పిల్లలలో పెరుగుతుంది.

సంవత్సరం గడచిన తరువాత ఏ విద్యార్థి అయినా వచ్చి, “అయ్యా, నేను పాడిన ఈ పలుకు ఈ గిటారుపై రావడం లేదు, ఏమి చేయాలి?” అని అడిగితే, ఆ రోజున వాద్యం కొనండి. ఆ ప్రశ్న అడగగలిగిన విద్యార్థి చేతిలో మామూలు వాద్యమైనా పలుకుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీలో చాలామంది చేతిలో నేడు ఫోను ఉన్నది. ఒకప్పుడు ఇటువంటి రికార్డు ఒక్కటి వినడానికి పెద్ద నగరానికి పోవలసి వచ్చేది. నేడు మన పొలం గట్టు మీద కూర్చుండి వినవచ్చు. వినేటప్పుడు వేగాన్ని చూసి అబ్బురపడవద్దు. ఒక్క స్వరాన్ని ఎంచుకొని, అది ఎక్కడ పుట్టినది, ఎలా ఊగినది, ఎక్కడ ఆగినది అని వెంబడించండి. ఆపై ఫోను పక్కన పెట్టి ఆ స్వరాన్ని మీ గొంతుతో పలికి చూడండి. పాలకొల్లు పిల్లవాడు పట్టిన దారి అదే. ఆ దారికి ప్రవేశ రుసుము లేదు. పెద్దలు ఈ మనవిని వచ్చే విద్యా సంవత్సరం కార్యక్రమాలు నిర్ణయించేనాడు ఒకసారి చర్చింతురు గాక.